కొత్త సైకిల్ కుదురుకునే నెల రోజులు

కపిలతీర్థం దాటి అలిపిరి వైపు ఎక్కుతుంటే మా మేనకోడలి సైకిల్ ఎడమ పెడల్ ఊడి రోడ్డు మీద పడింది. సైకిల్ కొని అప్పటికి తొమ్మిది రోజులు. ఎత్తు ఎక్కుతోంది కాబట్టి వేగం లేదు. కాలు కింద ఆనించి నిలబడగలిగింది, మోకాలి కింద కాస్త గీసుకుపోవడంతో సరిపోయింది. అదే అలిపిరి నుంచి కిందికి దిగేటప్పుడు జరిగి, వెనక బస్సు ఉండి ఉంటే అనే ఆలోచనతో ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. "కొత్త సైకిలే కదత్తా, ఇట్లా ఎందుకయింది?" అని అది అడిగింది. పాతికేళ్లుగా తిరుపతి వీధుల్లో సైకిల్ తొక్కుతున్నదాన్ని, ఆ ప్రశ్నకు సరైన జవాబు చెప్పాల్సిన బాధ్యత నాకుంది అనిపించింది.

ఊడిన పెడల్ చేతిలోకి తీసుకుని చూస్తే సంగతి తెలిసింది. ఇరుసు మీది మరల (థ్రెడ్ల) మధ్య సన్నటి తీగ ముక్కల్లా మెరుస్తూ అల్యూమినియం తురుము ఇరుక్కుని ఉంది. పెడల్ ఇరుసు ఉక్కుతో చేస్తారు. అది బిగిసే క్రాంకు, అంటే పెడల్‌ను పట్టుకుని గుండ్రంగా తిరిగే కమ్మీ, చాలా గేర్ సైకిళ్లలో అల్యూమినియంది. షాపులో బిగించిన అబ్బాయి మొదటి చుట్లు వేళ్లతో తిప్పకుండా నేరుగా స్పానర్ పెట్టి తిప్పేసినట్టున్నాడు. మర వంకరగా ఎక్కింది. తొక్కిన ప్రతిసారీ గట్టి ఉక్కు మెత్తటి అల్యూమినియాన్ని కొద్దికొద్దిగా కోసుకుంటూ పోయింది. పెడల్ బాగానే ఉంది కానీ క్రాంకు మాత్రం మార్చక తప్పలేదు.

ఈ ఎడమ పెడల్ దగ్గర చాలామంది మోసపోతారు. కుడి పెడల్ మామూలు నట్టులాగే కుడివైపు తిప్పితే బిగుస్తుంది. ఎడమ పెడల్‌కు ఉల్టా మర ఉంటుంది, ఎడమవైపు తిప్పితేనే బిగుస్తుంది. ఎందుకలా అంటే, ఒక పెన్సిల్‌ను పిడికిట్లో వదులుగా పట్టుకుని దాని కొనను గుండ్రంగా తిప్పి చూడండి. పెన్సిల్ తన చుట్టూ తాను వ్యతిరేక దిశలో మెల్లగా తిరుగుతుంది. తొక్కేటప్పుడు క్రాంకు రంధ్రంలో పెడల్ ఇరుసు చేసేది కూడా అదే. రెండు వైపులా ఒకే రకం మర పెడితే ఎడమ పెడల్ తొక్కుతున్న కొద్దీ వదులైపోతుంది. అందుకే దాన్ని తిరగేశారు. గుర్తుపెట్టుకోవడానికి తేలిక దారి ఒకటుంది: స్పానర్ నిలువుగా పైకి ఉండేలా పెట్టి, పై కొనను ముందు చక్రం వైపు తోస్తే రెండు పెడళ్లూ బిగుస్తాయి. మరలకు చిటికెడు గ్రీజు రాసి, మొదటి మూడు నాలుగు చుట్లు వేళ్లతోనే తిప్పాలి. వేళ్లకు తిరగడం లేదంటే మర వంకరగా పడుతోందన్నమాట. అక్కడే ఆపేసి మళ్లీ మొదలుపెట్టాలి.

ఇక అసలు ప్రశ్న. కొత్త సైకిల్ ఎందుకు ఇబ్బంది పెడుతుంది? ఫ్యాక్టరీ నుంచి సైకిల్ మనం తొక్కే రూపంలో రాదు. అట్టపెట్టెలో సగం విప్పిన స్థితిలో వస్తుంది. హ్యాండిల్, ముందు చక్రం, పెడళ్లు, సీటు, బ్రేకులు అన్నీ షాపులోనే బిగిస్తారు. పండగ సీజన్లోనో, స్కూళ్లు తెరిచే జూన్‌లోనో రోజుకు ఎన్నో సైకిళ్లు బిగించాల్సి వస్తే ఆ పని ఎంత హడావుడిగా సాగుతుందో ఊహించుకోవచ్చు. ఆన్‌లైన్లో తెప్పించుకున్న వాళ్లయితే ఇంట్లోనే పెట్టెలో ఇచ్చిన చిన్న స్పానర్‌తో బిగించేస్తారు.

సరిగ్గా బిగించిన సైకిల్ కూడా మొదటి నెలలో కొంత సర్దుకుంటుంది. బ్రేకు కేబుల్ సాగింది అంటుంటాం కానీ ఉక్కు తీగ అంతగా సాగదు. దాని మీది ప్లాస్టిక్ తొడుగు, ఆ తొడుగు చివరి టోపీలు వాటి వాటి చోట్లలో గట్టిగా కూర్చుంటాయి, దాంతో తీగ పొడవు మిగిలిపోతుంది. చక్రం పుల్లలదీ అదే కథ. బిగించేటప్పుడు మెలిపడిన పుల్లలు మొదటిసారి బరువు పడగానే విప్పుకుంటాయి. కొత్త సైకిల్ తొక్కుతుంటే చక్రంలోంచి టింగుమని వినిపించే శబ్దం అదే, భయపడక్కర్లేదు. ఆ తర్వాత మాత్రం కొన్ని పుల్లలు వదులవుతాయి, చక్రం కొద్దిగా వంకర పోతుంది. ఒక నెలకో, నూట యాభై కిలోమీటర్లకో మొదటి సర్వీసు చేయించమనేది ఇందుకే. చాలా షాపులు దాన్ని ఉచితంగానే చేస్తాయి. కానీ కొత్తదే కదా, బాగానే తిరుగుతోంది కదా అని ఎవరూ వెళ్లరు.

షాపులోంచి బయటికి తెచ్చే ముందు ఐదు నిమిషాలు కేటాయిస్తే చాలా తప్పులు అక్కడే దొరికిపోతాయి. నేను అన్నిటికంటే ముందు చూసేది ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే ఫోర్కును. హ్యాండిల్ బిగించేటప్పుడు ఫోర్కు వెనక్కి తిరిగి ఉండిపోవడం నేను చాలాసార్లు చూశాను. దాని కిందిభాగపు వంపు ముందుకు ఉండాలి. డిస్క్ బ్రేకు సైకిలయితే డిస్కు, దాన్ని పట్టుకునే కాలిపర్ ఎడమ పక్కన ఉండాలి. తిరగబడిన ఫోర్కుతో సైకిల్ నడుస్తుంది కానీ హ్యాండిల్ తీరు మారిపోతుంది, మలుపులో పాదం చక్రానికి తగలొచ్చు. తర్వాత ముందు చక్రాన్ని రెండు మోకాళ్ల మధ్య ఇరికించుకుని హ్యాండిల్ తిప్పి చూడండి. చక్రం కదలకుండా హ్యాండిల్ ఒక్కటే తిరిగితే, హ్యాండిల్‌ను ఫోర్కుకు కలిపే స్టెమ్ బోల్టు వదులుగా ఉన్నట్టు. ముందు బ్రేకు పట్టుకుని సైకిల్‌ను ముందుకీ వెనక్కీ ఊపితే మెడ దగ్గర టక్ టక్ అనకూడదు. చక్రాన్ని పక్కకు లాగితే ఊగకూడదు. స్పానర్ లేకుండా చక్రం విప్పడానికి ఇరుసు చివర క్విక్ రిలీజ్ లివర్ ఉంటే దాన్ని నట్టులా తిప్పి వదిలేయకూడదు, మడత పెట్టి మూయాలి. మూసేటప్పుడు అరచేతిలో దాని అచ్చు పడేంత గట్టిగా ఉండాలి.

బ్రేకుల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ భయాలు, అపోహలు చాలా ఉన్నాయి. "ముందు బ్రేకు పట్టుకోవద్దు, బోల్తా పడతావు" అని మనందరికీ చిన్నప్పుడు చెప్పారు. మా నాన్న నాకు చెప్పారు, నేను మా మేనకోడలికి చెప్పబోయి ఆగాను. బ్రేకు పడగానే మన బరువు ముందుకు తూగుతుంది. ముందు చక్రం రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది, వెనక చక్రం తేలికవుతుంది. తేలికైన చక్రం పట్టు తప్పి జారుతుంది. అందుకే పొడి రోడ్డు మీద వెనక బ్రేకు ఒక్కటే వాడితే ఆగడానికి పట్టే దూరం, ముందు బ్రేకు సరిగ్గా వాడినప్పటి దూరానికి ఇంచుమించు రెండింతలు. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో సెకనుకు ఐదున్నర మీటర్లు వెళ్తాం. ఆటో ఉన్నట్టుండి ఆగినప్పుడు మనం చూసి చెయ్యి బిగించేలోపే ఆ ఐదు మీటర్లు అయిపోతాయి. ఆపైన వెనక బ్రేకుతోనే ఆపాలనుకుంటే చోటు చాలదు.

బోల్తా పడటం అబద్ధమేమీ కాదు. ముందు బ్రేకును ఒక్కసారిగా నొక్కేసి, చేతులు వదులుగా పెట్టి, ఒళ్లంతా ముందుకు పోనిస్తే పడతాం. ఒడుపు నేర్చుకోవాలి. రెండు బ్రేకులూ కలిపి, మెల్లగా మొదలుపెట్టి బలం పెంచుతూ పోవాలి. అదే సమయంలో చేతులు బిగబట్టి, నడుమును సీటు మీద వెనక్కి జరపాలి. వెనక చక్రం జారినట్టు అనిపిస్తే ముందు బ్రేకు కాస్త సడలించాలి. మన దగ్గర అమ్మే సైకిళ్లలో మామూలుగా కుడిచేతి లివర్ ముందు బ్రేకుది, మోటార్ సైకిల్ లాగే. అయినా మీ సైకిల్‌కు ఏది ఏదో ముందే నొక్కి చూసుకోండి. మా మేనకోడలు ఆదివారాలు పొద్దున్నే ఖాళీ మైదానంలో నేల మీద సుద్దముక్కతో గీత గీసుకుని, ఆ గీత దగ్గర బ్రేకు పట్టి ఎంత దూరంలో ఆగుతోందో అడుగులతో కొలుచుకుంది. మూడు వారాలకు ఆ దూరం సగానికి తగ్గింది. చేతికి అలవాటు కావడానికి ఇంతకు మించిన పద్ధతి నాకు తెలియదు.

డిస్క్ బ్రేకు కొత్తలో సరిగ్గా పట్టదు. ప్యాడ్ పదార్థం సన్నటి పొరలా డిస్కు మీద అంటుకోవాలి. ఖాళీ రోడ్డు మీద ఓ మాదిరి వేగానికి వెళ్లి, చక్రం బిగుసుకుపోకుండా గట్టిగా బ్రేకు పట్టి నడక వేగానికి తేవడం, మళ్లీ వేగం పెంచడం, ఇలా ఒక్కో బ్రేకుకు ఇరవై సార్లు చేస్తే పట్టు వస్తుంది. డిస్కు మీద వేళ్లు పెట్టకూడదు. చైనుకు స్ప్రే కొట్టేటప్పుడు తుంపర డిస్కు మీద పడితే బ్రేకు పనిచేయడం మానేస్తుంది, నూనె పీల్చిన ప్యాడ్లను చాలాసార్లు మార్చాల్సిందే. రిమ్ము బ్రేకు అయితే రబ్బరు రిమ్ము అంచుకే తగలాలి. పైకి జరిగి టైరుకు రాసుకుంటే కొన్ని రోజుల్లోనే టైరు పక్క గోడ కోసుకుపోతుంది. లివర్ సగం దూరం వచ్చేసరికి బ్రేకు పట్టాలి, హ్యాండిల్‌కు ఆనుకోకూడదు. ఆనుకుంటోంటే కేబుల్ లివర్‌లోకి దూరే చోట వేళ్లతో తిప్పే గుండ్రటి మర ఉంటుంది, దాన్ని బయటికి తిప్పితే కేబుల్ బిగుస్తుంది. లివర్ మీద ఇంకో చిన్న స్క్రూ కూడా చాలా సైకిళ్లకు ఉంటుంది. దాన్ని లోపలికి తిప్పితే లివర్ చేతికి దగ్గరగా వస్తుంది. చేతులు చిన్నవిగా ఉండే ఆడపిల్లలకు, చిన్నపిల్లలకు ఇది చాలా ముఖ్యం. మా మేనకోడలి వేళ్ల కొసలు మాత్రమే లివర్‌కు అందుతున్నాయని షాపులో ఎవరూ గమనించలేదు. నేనూ గమనించలేదు, మూడో వారం దాకా.

"పెరిగే పిల్లలే కదా" అని ఒక సైజు పెద్ద సైకిల్ కొనే తల్లిదండ్రులకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలి. బట్టలు వదులైతే మడిచి వేసుకోవచ్చు. సైకిల్ పెద్దదైతే బ్రేకు అందదు, కాలు నేలకు అందదు, మలుపులో చెయ్యి సాగదు. రెండేళ్ల తర్వాత సరిపోయే సైకిల్‌తో ఈ రెండేళ్లూ పిల్లలు రోడ్డు మీద తిరగాలి కదా.

సీటు ఎత్తు విషయానికొస్తే, రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆనేలా పెట్టుకోవడం మనకు అలవాటు. కొత్తగా నేర్చుకునే వాళ్లకు అదే మంచిది, పడబోతే కాలు పెట్టొచ్చు. తొక్కడం వచ్చిన తర్వాత మాత్రం ఆ ఎత్తు మోకాళ్లకు శత్రువు. కాలు ఎప్పుడూ ముడుచుకునే ఉంటుంది, బలమంతా మోకాలి చిప్ప మీద పడుతుంది. గోడ పక్కన సైకిల్ మీద కూర్చుని, పెడల్ పూర్తిగా కిందికి వచ్చినప్పుడు మడమ దాని మీద పెట్టండి. కాలు నిటారుగా సాగాలి. తొక్కేటప్పుడు మడమకు బదులు పాదం ముందుభాగం పెడతాం కాబట్టి మోకాలు కొద్దిగా వంగి సరైన స్థితిలో ఉంటుంది. లెక్కతో చూడాలంటే, చెప్పుల్లేకుండా గోడకు ఆనుకుని నిలబడి, కాళ్ల మధ్య ఒక పుస్తకాన్ని పైకి ఆనించి నేల నుంచి దాని పై అంచు వరకు కొలవండి. దాన్ని 0.883తో గుణిస్తే క్రాంకు మధ్య బిందువు నుంచి సీటు పైభాగం వరకు ఉండాల్సిన దూరం వస్తుంది. కొలత 76 సెంటీమీటర్లయితే సీటు ఇంచుమించు 67 దగ్గర. ఇది మొదలుపెట్టడానికి పనికొచ్చే అంకె, ఆ తర్వాత శరీరం చెప్పే మాట వినాలి. మోకాలి ముందు నొప్పి ఉంటే సాధారణంగా సీటు కిందికి ఉన్నట్టు. మోకాలి వెనక లాగుతుంటే, తొక్కేటప్పుడు నడుము అటూ ఇటూ ఊగుతుంటే పైకి ఉంది. మార్చేటప్పుడు అర సెంటీమీటరు చొప్పున మార్చి రెండు మూడు రోజులు చూడండి.

సీటు కమ్మీ మీద అడ్డగీతలు కొన్ని చెక్కి ఉంటాయి. ఆ గీతలు బయటికి కనిపించేంత పైకి సీటును లాగకూడదు. లోపల పట్టు చాలక కమ్మీ విరిగినా, ఫ్రేము చీలినా ప్రమాదమే.

గాలి సంగతి తొందరగా చెప్పేస్తాను. ఎంత కొట్టాలో టైరు పక్కనే అచ్చువేసి ఉంటుంది. లావు టైర్ల సైకిల్‌కు మామూలుగా 30 నుంచి 50 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత), సన్నటి టైర్లకు ఇంకా ఎక్కువ. పెట్రోల్ బంకులో కార్లకు కొట్టే గొట్టంతో సైకిల్ ట్యూబు కొన్ని సెకన్లలో నిండిపోయి పేలిపోగలదు. ఇంట్లో మీటరున్న పంపు ఒకటి ఉంచుకోవడం మేలు. రబ్బరులోంచి గాలి దానంతటదే కొంచెం కొంచెం పోతూ ఉంటుంది, వారానికోసారి చూడాలి. గాలి తక్కువుంటే గుంతలో పడినప్పుడు ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి పాము కాటులా పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. ఎండలో పెడితే టైరు పేలుతుందని మన ఊళ్లో అందరికీ భయం. 50 పీఎస్ఐ పెట్టిన టైరు 30 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు వేడెక్కినా 56 దాకానే వెళ్తుంది. బాగున్న టైరు దానికి పేలదు. ఎండకు జరిగే అసలు నష్టం రబ్బరు పగుళ్లు విచ్చడం, ఆ పగిలిన టైరు తర్వాత ఎప్పుడో మోసం చేస్తుంది. శ్రీనివాస మంగాపురం, చంద్రగిరి వైపు వెళ్లేవాళ్లకు ఇంకో శత్రువు తుమ్మముల్లు. పంచరు వేయించాక టైరు లోపల గుడ్డతో నెమ్మదిగా తడిమి ముల్లు తీయించండి. లేదంటే ఇంటికి చేరేలోపు మళ్లీ అదే చోట పంచరు.

చైనుకు నూనె పెట్టడంలో ఎక్కువ పెట్టడమే పెద్ద తప్పు. చైను పైన గ్రీజు పూసి ఇచ్చే షాపులున్నాయి. రోడ్డు దుమ్మంతా దానికి అంటుకుని సాన రాయిలా పళ్లను అరగదీస్తుంది. నూనె కావాల్సింది రోలర్ల (చైను పిన్నుల చుట్టూ తిరిగే చిన్న గొట్టాల) లోపల, బయట కాదు. ముందు పాత మురికి గుడ్డతో తుడిచి, ఒక్కో రోలర్ మీద ఒక్క చుక్క వేసి, పెడల్ పదిసార్లు వెనక్కి తిప్పి, పది నిమిషాలు ఆగి పైన మిగిలిందంతా తుడిచేయాలి. సైకిల్ చైన్ నూనె దొరక్కపోతే కుట్టు మిషన్ నూనె ప్రస్తుతానికి సరిపోతుంది, కాకపోతే తొందరగా ఆరిపోతుంది. కొబ్బరి నూనె జిగురవుతుంది. వాడేసిన ఇంజిన్ నూనెలో లోహపు నలుసులుంటాయి, వద్దు. నవంబర్ వానల్లో తడిసి వచ్చిన రోజు రాత్రే తుడిచి నూనె వేయకపోతే పొద్దునకు తుప్పు కనిపిస్తుంది. బైకులు కడిగే వాటర్ సర్వీసులో సైకిల్‌ను కడిగించకండి, ఆ నీటి ధాటికి బేరింగుల్లోని గ్రీజు కొట్టుకుపోతుంది.

చైను అరుగుదలను ఇంట్లో ఉన్న స్కేలుతోనే కొలవొచ్చు. ఒక పిన్ను మధ్య నుంచి మొదలుపెట్టి 24 లింకులు లెక్కపెడితే కొత్త చైనులో సరిగ్గా 12 అంగుళాలు. అది అంగుళంలో పదహారో వంతు పెరిగితే చైను మార్చాలి. ఎనిమిదో వంతు పెరిగేదాకా ఆగితే వెనక పళ్ల చక్రాలు కూడా అరిగి, వాటికీ డబ్బు పెట్టాలి.

గేర్ల గురించి ఒకే ఒక్క హెచ్చరిక. సైకిల్ కుడివైపు పడిపోతే వెనక గేరు మార్చే డీరెయిలర్ లోపలికి వంగి ఉండొచ్చు. ఆ స్థితిలో అన్నిటికంటే తేలిక గేరు వేస్తే అది పుల్లల్లో ఇరుక్కుని చక్రం ఆగిపోతుంది. పడిన తర్వాత ఎక్కేముందు వెనకనుంచి చూసి, అది నిటారుగా వేలాడుతోందో లేదో చూసుకోవాలి.

రోడ్డు విషయంలో తిరుపతికి తనదైన తీరు ఉంది. బయటి ఊళ్ల వాహనాలు, దారి తెలియక ఉన్నట్టుండి మలుపు తిప్పే డ్రైవర్లు, చెయ్యెత్తిన చోటల్లా ఆగే ఆటోలు. ఆగి ఉన్న కారుకు కనీసం ఒక మీటరు దూరంగా వెళ్లాలి, తలుపు తెరుచుకుంటే తగలనంత దూరం. ఎడమ అంచున గుంతల్లో నక్కి వెళ్లడం కంటే, వెనక వచ్చేవాళ్లకు కనిపించేలా కొంచెం లోపలగా సూటిగా వెళ్లడం క్షేమం. అలిపిరి నుంచి దిగేటప్పుడు వేగం పెరగకముందే బ్రేకు మొదలుపెట్టాలి. వానలో రిమ్ము బ్రేకు మొదటి కొన్ని చుట్లు నీళ్లు తుడవడంతోనే సరిపోతుంది, ఆ తర్వాతే పట్టు. చీకట్లో వెనక ఎర్ర లైటు తప్పనిసరి. రిఫ్లెక్టర్లు బాగుంటాయి కానీ వాటి మీద హెడ్‌లైటు పడితేనే మెరుస్తాయి. హెల్మెట్ కనుబొమ్మలకు రెండు వేళ్ల పైన ఉండాలి, వెనక్కి వాల్చి పెట్టుకుంటే నుదురు ఖాళీగా మిగిలిపోతుంది. ఒకసారి గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్‌ను బయటికి బాగున్నా మార్చేయాలి.

నెల నిండగానే సర్వీసుకు మేమిద్దరమూ వెళ్లాం, ఈసారి వేరే షాపుకు. అక్కడి పెద్దాయన చక్రం పుల్లలను వేలితో ఒక్కొక్కటే మీటుతూ పోయాడు. "విను పాపా, ఇది ఖంగుమంటోంది, ఇది మూగగా ఉంది" అని రెండు వదులు పుల్లలను చూపించాడు. వెనక చక్రంలో చైను ఉన్న పక్క పుల్లలు రెండో పక్కకంటే బిగువుగా ఉంటాయని, ఒక పక్కవాటిని ఆ పక్కవాటితోనే పోల్చాలని చెప్పాడు. బ్రేకు కేబుల్ రెండు చోట్ల బిగించి, స్టెమ్ బోల్టు పావు చుట్టు తిప్పి, పెడళ్ల దగ్గరికి వచ్చేసరికి మా మేనకోడలే స్పానర్ అందుకుంది. ఎడమ పెడల్ మీద నిలువుగా పెట్టి, పై కొనను ముందు చక్రం వైపు తోసింది. అది కదల్లేదు.